లండన్‌లో ఏ స్టేషన్? ఏ టికెట్?

హైదరాబాదులో రైలెక్కాలంటే సికింద్రాబాదా, నాంపల్లా, కాచిగూడా అని ముందే చూసుకుంటాం కదా! లండన్‌లో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. అక్కడ రైళ్లు బయలుదేరే పెద్ద స్టేషన్లు పదికి పైగా ఉన్నాయి. ఎడిన్‌బరోకు కింగ్స్ క్రాస్, కార్డిఫ్‌కు పాడింగ్టన్, సౌతాంప్టన్‌కు వాటర్లూ. పారిస్ వెళ్లే రైలు సెయింట్ పాంక్రాస్ నుంచి.

ఒకే ఊరికి రెండు దారులున్నప్పుడే చిక్కు. బర్మింగ్‌హామ్‌లో చదువుతున్న మీ అబ్బాయి దగ్గరకు వెళ్తున్నారనుకోండి. యూస్టన్‌లో ఎక్కితే న్యూ స్ట్రీట్‌లో దిగుతారు. మేరిల్‌బోన్‌లో ఎక్కితే మూర్ స్ట్రీట్‌లో దిగుతారు. దిగే స్టేషన్లు రెండూ దగ్గరే, నడిచిపోవచ్చు. ఎక్కే చోట పొరబడితే మాత్రం బండి తప్పినట్టే.

ఇప్పుడు టికెట్ సంగతి చూద్దాం. 'అడ్వాన్స్' టికెట్ చవక. కాని అందులో రాసిన బండికే చెల్లుతుంది. ఆ బండి తప్పితే మళ్లీ టికెట్ కొనవలసి రావచ్చు. 'ఆఫ్ పీక్' టికెట్‌తో రద్దీ లేని వేళల్లో ఏ బండైనా ఎక్కవచ్చు. 'ఎనీటైమ్' ఏ వేళకైనా సరే, ధర ఎక్కువ. అయితే టికెట్ మీద ఒక రైలు కంపెనీ పేరు మాత్రమే ఉంటే, వేరే కంపెనీ బండి ఎక్కరాదు. విమానం దిగి నేరుగా రైలుకు వెళ్లేవారు చవక అని అడ్వాన్స్‌కు ఆశపడకపోవడం మేలు. విమానాలు మన టికెట్ చూసి దిగవు!

'లండన్ టెర్మినల్స్' అని టికెట్ మీద కనిపిస్తే ఆ పేరుగల స్టేషన్ కోసం వెతకకండి. అది ప్రధాన స్టేషన్లన్నిటికీ కలిపి పెట్టిన పేరు.

పాఠ్యగత ప్రశ్న: మీ దగ్గర యూస్టన్ నుంచి 10 గంటల బండికి అడ్వాన్స్ టికెట్ ఉంది. పొరపాటున మేరిల్‌బోన్ చేరారు. అక్కడ బర్మింగ్‌హామ్ బండి సిద్ధంగా ఉంది. ఎక్కవచ్చా? ఎందుకు?