పెట్రోల్ ట్యాంక్ నిండట్లేదా? ఓబీడీ డాంగిల్ ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి

ఫ్రెండ్స్, ఈసారి ఫోన్ రివ్యూ కాదు. ప్రొద్దుటూరులో వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్న నాకు మా నాన్న పాత పెట్రోల్ కారు నేర్పిన డీబగ్గింగ్ పాఠం.

బంకులో గన్ పెడితే అర లీటరుకే టక్‌మని కట్ అయ్యేది. అమ్మను చెకప్‌కి తిరుపతి తీసుకెళ్లాల్సిన తెల్లవారుజామున పది నిమిషాలు నిలబడితే ఆరు లీటర్లు పట్టింది. వెనకాల ఒకటే హారన్లు. జమ్మలమడుగులో ఒక వర్క్‌షాపులో చూపిస్తే, ట్యాంకే మార్చాలి, 18,000 అవుతుందన్నారు.

అసలు గన్ ఎందుకు ఆగుతుంది? దాని కొనలో చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోల్ పారేటప్పుడు లోపల పుట్టే సక్షన్ ఆ రంధ్రం గుండా గాలి లాగుతూ ఉంటుంది. పెట్రోల్ పైకొచ్చి రంధ్రాన్ని మూస్తే, ఆ సక్షన్ ఒక డయాఫ్రమ్‌ని లాగి గన్‌ని ఆపేస్తుంది. చిప్పూ లేదు, సెన్సరూ లేదు. కాబట్టి ట్యాంక్ ఖాళీగా ఉన్నా సరే, పైపు మెడలో పెట్రోల్ నిలిస్తే గన్ నిండిందనుకుంటుంది. ఇరుకు మూతి సీసాలో నీళ్లు పోస్తే బుడబుడమని ఎగదన్నదూ, అదే కథ. లోపలి గాలికి దారి లేదన్నమాట.

నేను చేసిన తప్పు చెప్తా. యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసి, క్యానిస్టర్ వాల్వ్ పోయిందని ఫిక్సయ్యి, బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ కొన్నా. ఎర్రర్ కోడ్ ఒక్కటీ లేదు! అక్కడ 1998 మోడళ్ల నుంచి, నింపేటప్పుడు వచ్చే ఆవిరిని కార్లోని బొగ్గు క్యానిస్టరే పట్టుకోవాలనే రూల్ దశలవారీగా వచ్చింది. అందుకే అక్కడ క్యానిస్టర్ దారి మూసుకుంటే ట్యాంక్ నిండదు. మా కార్లో ఆ గాలి మెడ పక్కనున్న సన్నటి బ్రీదర్ పైపులోంచి మూత దగ్గరికే వస్తుంది. రబ్బరు పైపు మడత పడితే డాంగిల్‌కి ఎలా తెలుస్తుంది?

తర్వాత పద్ధతిగా వెళ్లా. ప్రొద్దుటూరు, పులివెందుల రెండు చోట్లా అదే టక్ టక్, అంటే తప్పు బంకుది కాదు. గన్ సగమే నొక్కితే ఆగకుండా పడుతోంది, అంటే గాలి కొద్దికొద్దిగా పోతోంది. ఎప్పట్నుంచి? మూడు నెలల కింద ఫ్యూయల్ పంప్ మార్చడానికి ట్యాంక్ దించినప్పట్నుంచి. ఈ ప్రశ్న మొదటే వేసుకోవాల్సింది. కోడ్ పనిచేయకపోతే చివరి కమిట్ చూస్తాం కదా!

పులివెందుల మెకానిక్ అన్న కారు పైకి లేపి, టార్చ్ వేసి, "ఈడ చూడు బ్రో, ట్యాంకు కింద నలిగిపోయింది పైపు" అన్నాడు. కొత్త పైపు, కూలీ కలిపి 650 రూపాయలు. ఇంట్లో మీరే విప్పకండి, పెట్రోల్ ఆవిరితో ఆటలొద్దు.

ఆ సాయంత్రమే 30 లీటర్లు ఒకే ఊపులో పట్టింది. డాంగిల్‌తో ఇప్పుడు బ్యాటరీ వోల్టేజ్ చూసుకుంటున్నా. దాని రివ్యూ వచ్చే వారం.