ఈ నెల పాఠం: బంకమట్టి సీమలో పాడి

సంఘాల తనిఖీకి వెళ్ళినపుడు రిజిస్టర్ల కంటె ముందు ఆ ఊరి నేలను, మేతను చూడడం మాకు అలవాటు. పాల లెక్క అక్కడే మొదలవుతుంది. ఇందుకు ఉదాహరణగా ఇంగ్లండులోని బ్లాక్‌మోర్ వేల్ అనే పల్లపు సీమను సభ్యులకు పరిచయం చేస్తున్నాము.

నేల: ఈ సీమ చాలావరకు డార్సెట్ కౌంటీ ఉత్తర భాగంలో ఉన్నది. దక్షిణాన, తూర్పున సుద్దరాతి కొండలు; పల్లంలో స్టూర్ నది. నేల ఎక్కువగా బంకమట్టి. వాననీరు త్వరగా ఇంకదు. తడిసినపుడు దున్నడం కష్టం, ఎండితే గట్టిబడుతుంది. అయితే పచ్చిక బాగా పెరుగుతుంది. అందుచేత అక్కడి రైతులు పాడిని నమ్ముకున్నారు.

మేపు: చలికాలంలో పశువులను బయట వదిలితే గిట్టల క్రింద నేల బురదై పచ్చిక పాడవుతుంది. కనుక వాటిని కొట్టాలలో కట్టి, వేసవిలో కోసి దాచిన ఎండుగడ్డి, పాతర గడ్డి మేపుతారు.

ఊళ్ళు: పల్లం మధ్య సున్నపురాతి మెరక ఒకటి ఉన్నది. స్టాల్‌బ్రిడ్జి, మార్న్‌హల్, స్టర్మిన్‌స్టర్ న్యూటన్ ఆ మెరకపైనే వెలిశాయి. బంకనేలలో చిన్న చిన్న కమతాలు, గట్ల మీద పొదల కంచెలు, వాటి నడుమ ఓక్ చెట్లు కనిపిస్తాయి.

అమ్మకం: పూర్వం పాల నుండి మీగడ తీసి వెన్న చేసి, మిగిలిన పాలతో బ్లూ విన్నీ అనే చీజు తయారు చేసేవారు. 1913లో స్థానిక రైతులే స్టర్మిన్‌స్టర్ న్యూటన్‌లో పాల కేంద్రం స్థాపించారు. 1933లో ఏర్పడిన మిల్క్ మార్కెటింగ్ బోర్డు దగ్గరి రైతు, దూరపు రైతు అనే భేదం లేకుండా పాలు కొనేది. ఆ పట్టణం మీదుగా పోయే రైలు మార్గం 1966లో మూతపడింది. బోర్డు అధికారం 1994లో ముగిసింది. పశువుల సంత 1997లో, పాల కేంద్రం 2000లో మూతపడ్డాయి.

బంకమట్టి ఉన్నది, పచ్చిక ఉన్నది. రైతులు కూడబలుక్కొని పెట్టుకొన్న కేంద్రం మాత్రం లేదు. మంచి మేత ఉన్నంత మాత్రాన అమ్మకానికి భరోసా లేదని సభ్యులు గ్రహించాలి.

సమావేశంలో చర్చించండి:
1. మన ఊరి నేలకు ఏ మేత తగినది?
2. మేత దొరకని నెలలకు ఎంత నిలవ చేస్తున్నాము?
3. మన కేంద్రం మూతపడితే పాలు ఎవరికి పోస్తాము?