అంబలంగొడ కొయ్యమొగములు

కొలంబో నగరమునుండి సముద్రతీరము వెంబడి దక్షిణముగా గాలే పట్టణమునకు పోవు రైలుమార్గమున అంబలంగొడ యను చిన్న పట్టణము కలదు. కొలంబోకు అది రమారమి 85 కిలోమీటర్ల దూరమున నున్నది. ఒకవైపు సముద్రము, వేటపడవలు; వేరొకవైపు కొబ్బరితోటలు, దాల్చినచెక్క తోటలు. శ్రీలంకలో ఇట్టి యూళ్లు ఆ తీరమున పెక్కు గలవు. కాని అంబలంగొడ పేరు చెప్పగానే సింహళీయులకు చేపలును, దాల్చినచెక్కయు జ్ఞప్తికి రావు. గ్రుడ్లు మిటకరించి, కోరలు సాచి, నాలుక వ్రేలవైచిన కొయ్యమొగము వారి కన్నులయెదుట నిలుచును.

ఈ మొగములను సింహళభాషలో 'వెస్ ముహుణు' అందురు. 'వెస్' అనగా వేషము, 'ముహుణ' అనగా ముఖము. ఆ మాట తెలుగువారి చెవికి సైతము క్రొత్తగా తోచదు. వేషము కట్టువాడు తన ముఖమును దాచికొని, దయ్యముగనో, రాజుగనో, చాకలిగనో మారుటకై దీనిని ధరించును. దానిని ధరించి ఆడు విద్యయు, దానిని చెక్కు విద్యయు అంబలంగొడలో కొన్ని కుటుంబములవారికి తాతతండ్రులనుండి వచ్చుచున్నవి. వారిలో విజేసూరియవారు, తుక్కవాడువారు ప్రసిద్ధులు. ఈ విద్యలో ఆరితేరినవానిని 'గురున్నాన్సే' యని గౌరవముతో పిలుతురు. 'గురువుగారు' అని తెలుగున పిలుచుట వంటిదే అది. ఆ బిరుదము కొయ్య చెక్కుట యొక్కటి నేర్చినంతమాత్రమున వచ్చునది కాదు. డోలు దరువు తెలియవలెను, పాటలు నోటికి రావలెను, అడుగులు కాలికి రావలెను. ఏ దయ్యము ఏ నడకతో వచ్చునో ఎరుగనివాడు దాని దవడను ఎంత వెడల్పున చెక్కవలెనో ఎట్లెరుగును?

తొడుగులకు వాడు కొయ్య 'కదురు' అను చెట్టునుండి వచ్చును. నీరు నిలుచు పల్లపునేలలలో, వరిపొలముల అంచులను అది పెరుగును. ఆ కొయ్య తేలికగను, మెత్తగను ఉండును. కొండపల్లి బొమ్మలవారు తెల్లపొణికి కొయ్యను ఏ గుణమును చూచి ఏరుకొనిరో, అంబలంగొడవారు కదురును ఆ గుణమును చూచియే ఏరుకొనిరి. పైగా వీరికి వేరొక చిక్కు కలదు. కొండపల్లి బొమ్మ అలమరలో కూర్చుండును; ఈ మొగమో, మనిషి మొగమునకు కట్టుకొని రాత్రియెల్ల ఎగురవలసినది. బరువైన కొయ్య అందులకు పనికిరాదు.

కొట్టిన దుంగలను కావలసిన పొడవునకు ముక్కలు చేసి, కొన్ని దినములు పొగలో ఆరవేయుదురు. పొగవలన కొయ్యలోని చెమ్మ పోవును, పురుగు పట్టదు. పిమ్మట బాడిసతో పైపైన ఆకారము తీయుదురు. ముక్కు ఉండవలసినచోట మిట్టను, కన్నులు ఉండవలసినచోట పల్లమును మాత్రమే ఆ తొలిచెక్కుడులో కానవచ్చును. తరువాత ఉలియు, కొయ్యసుత్తియు అందుకొందురు. ముందువైపు చెక్కుట చూపరులకు ఘనముగా తోచును గాని, పనివాని నేర్పు వెనుకవైపున తెలియును. లోపలి భాగమును తొలిచి, ధరించువాని నుదురు, ముక్కు, చెంపలు ఒత్తుకొనకుండునట్లు పలుచన చేయవలెను. ఒక్క దెబ్బ అధికమైనచో అంతవరకు చేసిన పని వ్యర్థమగును. ఇది ముగిసినపిదప పూర్వము గరుకైన ఆకులతో రుద్ది నునుపు చేసెడివారు. నేడు ఉప్పుకాగితము ఆ పని చేయుచున్నది.

రంగులు వేయుట వేరొక ఘట్టము. మునుపు హరిదళమునుండి పసుపురంగును, ఇంగిలీకమునుండి ఎరుపురంగును తీసి, గుగ్గిలము వంటి జిగురులు కలిపి వార్నిషు పూసెడివారు. హరిదళమును సింహళీయులు 'హిరియల్' అందురు. ఇప్పుడు డబ్బాలలో దొరకు రంగుల వాడుకయే మెండు. రంగు ఏదైనను, ఏ ముఖమునకు ఏ రంగు అన్నది చెక్కువాని ఇచ్ఛకు విడువబడలేదు. వేషముల ఆకారములను, అలంకారములను వర్ణించు పద్యములు తాళపత్రములపై వ్రాయబడి కుటుంబములలో నిలిచియున్నవి. పద్యము వచ్చినవాడు, బొమ్మ యెదుట లేకున్నను, ముఖమును చెక్కగలడు.

ఈ తొడుగులలో మిక్కిలి భయంకరములును, మిక్కిలి వింతయైనవియు 'సన్ని' తొడుగులు. సన్ని యనగా సన్నిపాతము. తెలుగునాట పెద్దలు 'సన్నిపాతజ్వరము' అన్న మాటయందున్నది ఈ పదమే. ప్రాచీనవైద్యమున వాతపిత్తశ్లేష్మములు మూడును ఒక్కసారి ప్రకోపించుటకు అది పేరు. సింహళదేశపు పల్లెలలో ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క దయ్యము కారణమని నమ్మి, అట్టి దయ్యములను పదునెనిమిదిగా లెక్కించిరి. అందుచేత ఆ పూజానాట్యమునకు 'దహఅట సన్నియ', అనగా పదునెనిమిది సన్నులు, అని పేరు వచ్చినది. గ్రుడ్డితనము తెచ్చునది కణసన్ని; చెవుడు తెచ్చునది బిహిరిసన్ని; మూగతనము తెచ్చునది గొళుసన్ని; పిచ్చి పట్టించునది పిస్సుసన్ని. వాతసన్ని, పిత్తసన్ని అను పేర్లకు అర్థము చెప్పనక్కరలేదు. కొరసన్ని ముఖము ఒక ప్రక్కకు ఒరిగి, నోరు వంకరపోయి యుండును. పక్షవాతము వచ్చిన మనిషిని ఎవడో శ్రద్ధతో చూచి చెక్కినట్లే అది యుండును. పటములతోడి వైద్యగ్రంథము చేతికందని కాలమున రోగలక్షణములను కొయ్యపై నిలిపిన ఆ శిల్పి చూపు సామాన్యమైనది కాదు.

ఈ దయ్యములకెల్ల నాయకుడు మహాకోలసన్ని. విశాలానగరపు రాజు పరదేశము పోయి మరలివచ్చునప్పటికి గర్భవతియైన రాణిపై ఎవరో కొండెము చెప్పిరట. రాజు విచారింపక ఆమెకు మరణదండన విధించెను. చనిపోయిన తల్లి కడుపునుండి బయటపడిన శిశువు శ్మశానమున పెరిగి, పగతో పదునెనిమిది దయ్యములను పుట్టించి, తండ్రి నగరమును రోగములపాలు చేసెను. తుదకు బుద్ధభగవానుడు వచ్చి వానిని శాంతింపజేసెను. జనులు ఇచ్చు నైవేద్యములను గైకొని వారిని విడిచిపెట్టవలెనని నియమము పెట్టెను. మహాకోలుని పెద్ద తొడుగున నడుమ వాని రూపమును, ఇరుప్రక్కల పదునెనిమిది చిన్నముఖములును చెక్కబడియుండును. అన్యాయముగా చంపబడిన తల్లి బిడ్డడే రోగములకు రాజయ్యెనని ఊహించుట ఈ కథలోని విశేషము.

ఇంటిలో ఎవరికైన తీరని జబ్బు చేసినప్పుడు ఈ నాట్యమును జరిపెడివారు. సూర్యాస్తమయము తరువాత ఆరంభమై తెల్లవారువరకు సాగును. రోగిని ఎదుట కూర్చుండబెట్టుదురు. ఊరివారందరు చుట్టును మూగుదురు. రెండుప్రక్కల చేతులతో వాయించు పొడవైన 'యక్ బెర' డోలు మ్రోగుచుండగా, దివిటీలపై గుగ్గిలపు పొడిని చల్లుదురు. భగ్గుమని లేచిన మంటలోనుండి దయ్యము దూకును. తెలుగుదేశపు భాగవతములలో హిరణ్యకశిపుని ప్రవేశమును చూచినవారికి ఈ గుగ్గిలపు మంట పరిచితమే.

మొదట అందరును జడియుదురు. కాని కొంతసేపటికి కథ మారును. డోలు వాయించువాడు దయ్యమును ప్రశ్నింప మొదలుపెట్టును. 'ఎచ్చటినుండి వచ్చితివి? ఏల వచ్చితివి?' అని అడుగును. చెవిటి దయ్యము ఒకటి అడిగిన ఒకటి చెప్పును. కుంటి దయ్యము నడువబోయి పడును. భయపెట్టవచ్చినవాడు నవ్వులపాలగును. రోగి సైతము నవ్వును. తుదకు దయ్యము నైవేద్యము పుచ్చుకొని, బుద్ధుని ఆజ్ఞకు తలయొగ్గి, వచ్చినదారినే పోవును. ఈ నాట్యము విషజ్వరమును మాన్పజాలదు. ఆ మాట స్పష్టముగా చెప్పవలసినదే. అయినను రోగముచేత ఒంటరియైన మనిషి చుట్టును ఒక రాత్రియెల్ల ఊరు కూడియుండుటయు, తనను పీడించుచున్నదని నమ్మిన దానిని చూచి తానే నవ్వుటయు మనస్సునకు ఊరట గూర్చునవే. 1983లో బ్రూస్ కాప్ఫరర్ అను మానవశాస్త్రజ్ఞుడు దక్షిణ శ్రీలంకలోని ఇట్టి పూజలపై ఒక పెద్ద గ్రంథమునే ప్రకటించి, అందు ఈ హాస్యమునకు ముఖ్యస్థానమిచ్చెను.

రెండవది కోలము. ఇది రోగముతో సంబంధము లేని వినోదనాటకము. తమిళ, మలయాళభాషలలో కోలమనగా వేషము; సింహళమున నాటకమునకే ఆ పేరు నిలిచినది. మహాసమ్మతుడను రాజు భార్యకు వేవిళ్లలో వింతవేషములతోడి ఆట చూడవలెనను కోరిక కలిగినదట. ఆ ఆట యెట్టిదో ఎవరును ఎరుగరు. రాజు దిగులుపడగా ఇంద్రుడు విశ్వకర్మను పిలిచి, తొడుగులు చెక్కించి, రాజోద్యానమున పెట్టించెనని కథ. అందుచేతనే ప్రతి కోలమాటయందును రాజును, రాణియు ఆట చూడవత్తురు. వారు వచ్చుటకు ముందు డోలు చాటించు ముసలివాడు వచ్చును; వానిని వెదకుకొనుచు వాని భార్య నొంచి అక్క వచ్చును; యుద్ధమునుండి మరలిన సైనికులు గాయములతోడి మొగములతో వత్తురు; గ్రామాధికారి వచ్చును, చాకలి జసయయు వాని భార్య లెంచినయు వత్తురు, పోలీసువాడును వచ్చును. పగటిపూట తాము చేతులు కట్టుకొని నిలువవలసిన అధికారిని రాత్రి ఆటలో చూచి జనులు పకపక నవ్వెడివారు. రాజురాణుల తొడుగులకు అంతస్తులుగా లేచిన ఎత్తైన కిరీటములుండును. వానిని ధరించినవారు ఎగురుట మాట అటుండ, నడచుటయే కష్టము. అందుచేత మెల్లగా వచ్చి ఆసనముపై కూర్చుందురు. పాత్రలందరు వచ్చిపోయినపిదప చంద్రకిన్నరజాతకము వంటి కథను ఆడుదురు.

యూరపువారి దృష్టి ఈ ఆటలపై చాలకాలము క్రిందటనే పడినది. జాన్ కాలవే అను ఆంగ్లేయుడు దయ్యపునాట్యమును గూర్చిన సింహళపద్యములను, కోలపు పద్యములను ఆంగ్లమునకు మార్చి 1829లో లండనున అచ్చువేయించెను. తొడుగులు కూడ ఓడలెక్కి యూరపు మ్యూజియములకు చేరినవి.

అంతలో స్వదేశమున తొడుగునకు పని తగ్గసాగెను. 1934–35 సంవత్సరములలో వచ్చిన మలేరియా ఆ ద్వీపమున రమారమి 80 వేలమందిని పొట్టన పెట్టుకొనెను. పిమ్మట ఆసుపత్రులు పెరిగినవి, దోమల నిర్మూలనము సాగినది. 2016లో ప్రపంచ ఆరోగ్యసంస్థ శ్రీలంకను మలేరియా లేని దేశముగా ప్రకటించెను. ఇది ఎంతయు సంతోషింపదగిన సంగతి. కాని రోగి ఆసుపత్రికి పోయినచో సన్నినాట్యము ఎవరికొఱకు? సినిమా వచ్చినచో తెల్లవారుజామువరకు కోలము చూచువారెవ్వరు? దేశమునకు మేలైనది ఈ కుటుంబములకు జీవనసమస్యయై కూర్చున్నది.

అప్పుడు విదేశయాత్రికులు వచ్చిరి. వారికి రోగముతో పని లేదు, కథతో పని లేదు. ఇంటిగోడకు అందమైన వస్తువు కావలెను. నాగరాక్షసుని, గురుళు రాక్షసుని, మయూరముఖమును వారు ముచ్చటపడి కొనిరి. గురుళు అనగా గరుడుడు. సింహళీయులు సైతము దృష్టిదోషము తగులకుండునట్లు ఇట్టి మొగమును ఇంటిముందు వ్రేలాడదీయుట కలదు. కట్టుచున్న ఇంటికి తెలుగువారు కట్టు దిష్టిబొమ్మ వంటిదే అది. బేరము పెరిగినకొలది గాలేకు పోవు దారిపొడవున అంగళ్లు వెలసినవి. పొట్ట గడచినది. కాని ఆ మొగములలో ఒక మార్పు కానవచ్చెను. ఆడుటకు చేసిన తొడుగునకు కన్నులలోనో, కన్నుల క్రిందనో చూచుటకు రంధ్రములుండును. గోడకు పోవు తొడుగునకు ఆ రంధ్రములతో నిమిత్తము లేదు. కొన్నిటికి వెనుకవైపు తొలుచుటయు లేదు. మొగము కలదు, దానిని ధరించు మనిషికి చోటు లేదు. ఆ కొయ్యను చెక్కు పిల్లవానికి డోలు దరువు తెలిసినను, తెలియకున్నను భేదమేమి?

విజేసూరియ కుటుంబమువారికి ఈ ప్రశ్న తప్పలేదు. వారును అమ్మకమును మానలేదు. మానుట సాధ్యము కాదు. అయినను ఆ కుటుంబమున పేరుపొందిన ఆరియపాల గురున్నాన్సే పేరిట 1987లో అంబలంగొడలో ఒక మ్యూజియమును తెరచిరి. జర్మనీదేశపు పండితుల తోడ్పాటు దానికి లభించినది. అందు కోలపు తొడుగులకు ఒక భాగము, సన్ని తొడుగులకు ఒక భాగము కేటాయించి, ఏ ముఖము ఏ కథలోనిదో, ఎప్పుడు రంగస్థలమునకు వచ్చునో తెలియునట్లు వరుసగా అమర్చిరి. దుకాణమును, చెక్కుడుపనియు అచ్చటనే కలవు. కొనవచ్చినవాడు మొదట కథను చూచి తరువాత వస్తువును చూచునట్లు ఆ ఏర్పాటు జరిగినది.

అంతకంటె ముఖ్యమైనది ఆ కుటుంబమువారు నెలకొల్పిన నాట్యపాఠశాల. అచ్చట ఊరి బాలురు, బాలికలు యక్ బెర వాయించుటను, దక్షిణదేశపు నాట్యమును అభ్యసించుదురు. తొడుగు ధరించి ఆడుట సులభము కాదు. రంధ్రములలోనుండి ఎదుటనున్న కొంతభాగము మాత్రమే కనబడును. ప్రక్కకు చూడవలెనన్న మెడ త్రిప్పవలెను. ఊపిరి కొయ్యకు తగిలి వెనుకకు వచ్చును. ముఖమున నవ్వుగాని, కోపముగాని చూపుటకు వీలులేదు గనుక ఆ పని భుజములు, మోకాళ్లు చేయవలెను. నేల కనబడదు. అడుగు ఎచ్చట పడవలెనో డోలు చెప్పును.