పాత వ్యాన్ ఐడిల్‌లో ఆగిపోతోందా? పార్ట్ కొనేముందు ఫోన్‌లో ఈ 4 రీడింగ్స్ చూడండి

రోడ్డు మీద బాగానే పోతుంది. స్పీడ్ తగ్గించి న్యూట్రల్‌కి తేగానే ఇంజిన్ వణికి ఆగిపోతుంది. మాచర్లలో మా బాబాయి పాత పెట్రోల్ వ్యాన్‌కి ఇదే సమస్య. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బ్రేక్ బూస్టర్ ఉన్న బండిలో ఇంజిన్ ఆగితే, రెండు మూడుసార్లు తొక్కాక పెడల్ గట్టిపడిపోతుంది.

మీ బండికి స్కానర్ పనిచేస్తుందా?

మన దగ్గర పాత వ్యాన్ అంటే ఎక్కువగా మారుతి ఓమ్నినే. 796 సీసీ ఇంజిన్‌తో 1984లో వచ్చి, 2019 వరకు తయారైంది. కార్బొరేటర్ మోడల్స్‌లో కంప్యూటర్ ఉండదు కాబట్టి స్కానర్ పనిచేయదు. ఎంపీఎఫ్ఐ మోడల్స్‌లో ఈసీయూ ఉంటుంది. కానీ మన దేశంలో ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచే. అంతకంటే పాత బండి అయితే, ముందు ఎవరిదైనా అడాప్టర్ పెట్టి చూసి, కనెక్ట్ అయితేనే కొనండి.

ఏం కావాలి?

ఈఎల్ఎం327 అడాప్టర్, కార్ స్కానర్ లేదా టార్క్ యాప్. ఐఫోన్ ఉంటే బీఎల్ఈ లేదా వైఫై అడాప్టర్ తీసుకోండి.

చూడాల్సిన రీడింగ్స్

1. కూలెంట్ టెంపరేచర్: ఉదయాన్నే, స్టార్ట్ చేయకముందు ఇగ్నిషన్ ఆన్ చేసి చూడండి. ఇది ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్‌కి దగ్గరగా ఉండాలి. మాచర్లలో మైనస్ 40 చూపిస్తే సెన్సర్ పోయినట్టు, లేదా వైరు తెగినట్టు!

2. ఆర్‌పిఎం: ఇంజిన్ వేడెక్కాక సుమారు 800–1,000 మధ్య నిలకడగా ఉండాలి. ఊగుతుంటే గాలి లీకో, ఐడిల్ వాల్వ్‌లో మసో అయ్యుండొచ్చు.

3. వోల్టేజ్: ఇంజిన్ ఆన్‌లో 13.5–14.5 ఉండాలి. బాగా తక్కువుంటే ఆల్టర్నేటర్ చెక్ చేయించండి.

4. ఫ్యూయల్ ట్రిమ్: ప్లస్ 10 శాతం దాటితే పెట్రోల్ చాలట్లేదని, మైనస్ 10 దాటితే ఎక్కువవుతోందని అర్థం.

మా వ్యాన్‌లో ఏం తేలింది?

ఆర్‌పిఎం తప్ప మిగతా మూడూ నార్మల్. హోసుల్లో లీక్ లేదు. థ్రాటిల్ బాడీ విప్పితే లోపలంతా నల్లటి మసి, ఎయిర్ ఫిల్టర్ నిండా నాపరాళ్ల దుమ్ము. క్లీనర్ స్ప్రేతో మసి తుడిచి, ఫిల్టర్ మార్చాం. ఐడిల్ 900 దగ్గర నిలబడింది. అంతకుముందు ఒక మెకానిక్ కొత్త ఐడిల్ వాల్వ్ వేయాలన్నాడు, దాని అవసరమే రాలేదు.

కార్బొరేటర్ బండి అయితే?

చోక్ పూర్తిగా వెనక్కి వస్తోందా, వాక్యూమ్ హోసులు పగిలాయా, ఐడిల్ జెట్ మూసుకుపోయిందా అని వరుసగా చూడండి. ఐడిల్ స్క్రూ తిప్పడం చివరి పని. ముందే తిప్పితే అసలు లోపం దాక్కుంటుంది.

ఇవన్నీ ఆరుబయటే చేయండి. మూసిన షెడ్‌లో ఇంజిన్ పొగ ప్రాణాంతకం.

నా మాట: స్కానర్ బండిని బాగుచేయదు. కానీ ఏ పార్ట్ కొనక్కర్లేదో చెబుతుంది. దాని ధరకి అది చాలు.