జారుపాటు – పాదరక్ష: గౌతమీ తీర శ్రామికుల క్షేమము



శీతకాలమున జారిపడుట యనగానే మంచుగడ్డలు కట్టిన కెనడా వీథులు మనకు స్ఫురించును. యానాములో నీరు గడ్డకట్టదు. ఐనను ఇచటి శ్రామికుని కాలు జారుటకు కావలసిన పరిస్థితులన్నియు ఆ కాలమున కలవు. సార్వా కోతలు, దాళ్వా నాట్లు ఒకదాని వెంట ఒకటి వచ్చును. తెల్లవారుజామున పొలము గట్లపై గడ్డి మంచుతో తడిసియుండును. గౌతమికి దినమునకు రెండు మారులు పోటు వచ్చుటచే రేవు మెట్లు ఆరవు. వానిపై పాచి పెరుగును. చేపల గంపలతో, బస్తాలతో కూలివారు ఎక్కి దిగునది ఆ మెట్లపైననే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము పడిపోవుట వలన ఏటా సుమారు 6,84,000 మంది మరణించుచున్నారు. మరణము సంభవింపకున్నను, దినకూలికి కాలు విరిగినచో ఆ పంటకాలపు సంపాదన పోవును. దీనిని "గ్రహచారము" అని సరిపెట్టుకొనుట న్యాయము కాదు.

జారుటకు కారణము

ఘర్షణ సూత్రములను 1699లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అమోంతోన్ వెల్లడించెను. తరువాత కూలుంబ్ వానిని విపులముగా పరిశోధించి 1781లో పారిస్ అకాడమీ బహుమతి పొందెను. సమతలముపై మామూలు నడకకు ఘర్షణ గుణకము 0.2 ప్రాంతమున ఉన్న చాలును. పొడి నేలపై రబ్బరునకు అంతకు మించియే యుండును. కాని పాదమునకు, నేలకు నడుమ నీటిపొరయో, పాచియో, బురదయో చేరినచో అది పడిపోవును. మడమ నేలను తాకు క్షణముననే సాధారణముగా కాలు జారును. తలపై బరువున్నవాడు తన పాదములను చూచుకొనలేడు; చేతులతో ఆపుకొననూ లేడు.

ఎట్టి పాదరక్ష?

తిరుగలికి కక్కు అరిగినచో పిండి పడదు; చెప్పు అడుగున గాళ్లు అరిగినచో కాలు నిలువదు. అరిగిన హవాయి చెప్పు తడిమెట్లపై మిక్కిలి ప్రమాదకరము. అన్ని నేలలకు ఒకే జోడు పనికిరాదు. తడిరాతికి మెత్తని రబ్బరు, సన్నని గాళ్లు కావలెను. నీరు ఆ గాళ్ల గుండా తొలగిపోవును. బురదకు ఫుట్‌బాల్ బూట్లవలె ఎడమెడముగా లోతైన పండ్లు కావలెను. లేనిచో బురద ఇరుకుకొని అడుగు నున్ననగును. నాట్లలో వట్టికాలి వ్రేళ్లు మెత్తని బురదను పట్టుకొనును గాని, పాచిరాతిపై ఆ నేర్పు పనిచేయదు. మంచుగడ్డపై నడచువారు ఉక్కుముండ్ల తొడుగులు ధరింతురు. నున్నని గచ్చుపై అవియే జారును. పడవ పనివారికి మడమ బిగువుగా ఉండియు, నీట పడినపుడు సులువుగా విడిపోవు పాదరక్ష మేలు. నీరు నిండిన పొడవు బూట్లు ఈతకు అడ్డగును.

నేలను చక్కజేయుట

పాదరక్ష ఒక్కటే చాలదు. మెట్లపై పాచిని గట్టి బ్రష్షుతో గీకి తీయవలెను. నునుపెక్కిన మెట్లకు తిరుగలి రాతివలె గంట్లు కొట్టింపవలెను. పడవ ఎక్కు బల్లపై అడ్డపట్టీలు దిగగొట్టవలెను. దిగునపుడు అడుగులు చిన్నవిగా వేయవలెను. బరువును రెండు విడతలుగా మోయుట మేలు.

బాధ్యత ఎవరిది?

1948 నాటి కర్మాగారముల చట్టము 32వ సెక్షనులో, నేలయు మెట్లును జారుడు పదార్థములు లేకుండ ఉంచవలెనని విధించియుండెను. కాని ఆ రక్షణ కర్మాగారపు హద్దు దాటియుండలేదు. రేవులో బరువు మోయువానికి, గట్టుపై మోపు మోయువానికి ఆ పూచీ వహించినవారెవరు? కూలి ఇచ్చువారు కూలితోబాటు ఏటా ఒక మంచి జోడు ఇచ్చుట దయ కాదు, ధర్మము. మన కళాశాల జాతీయ సేవా పథకపు విద్యార్థులు ఒక్క ఆదివారము రేవు మెట్లు శుభ్రపరచినను, మరునాటి ఉదయము గంప మోయు తల్లి నిబ్బరముగా అడుగు వేయగలదు.