రంగు మొక్కల పాఠము: విశ్వవిద్యాలయపు వృక్షోద్యానమును చూడబోవు పద్ధతి



కొంతకాలము క్రిందట మా సహకార సంఘము ఎర్ర నూలు అద్దకమునకై ‘మద్ది’ కావలెనని ఒక వర్తకునికి వ్రాసినది. మేము కోరినది తొగరుచెట్టు వేరుచెక్క. దానిని కూడ కొన్ని చోట్ల మద్ది అందురు. వచ్చినది నల్లమద్ది బెరడు. పటిక పట్టించిన నూలును అందులో ఉడికించగా గోధుమవన్నె వచ్చినది గాని ఎరుపు రాలేదు. వర్తకుని తప్పు లేదు. అడిగిన పేరుగల సరుకే పంపినాడు. దానిని చూచి ఇది తొగరు కాదని చెప్పగలవారు మాలో ఒక్కరును లేకపోయిరి. నూలు నష్టముకన్న ఆ సంగతియే ఎక్కువ బాధించినది.

ఈ మరపునకు కారణము గలదు. మన చిరివేరునకు ఎరుపునిచ్చు అలిజరీను అను పదార్థమును 1868లో జర్మను శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తయారుచేసిరి. 1897లో కృత్రిమ నీలిమందు బజారునకు వచ్చినది. డబ్బా రంగు చౌక, పని సులువు. మొక్కతో అవసరము తీరినది; మొక్కను గుర్తుపట్టు నేర్పును పోయినది. ఇప్పుడు చెట్టు రంగుల బట్ట అడుగువారు మరల వచ్చుచున్నారు. ఆ నేర్పు మనకు తిరిగి కావలెను.

దానికి తగిన బడి విశ్వవిద్యాలయపు వృక్షోద్యానము. అచ్చట చెట్టుకు శాస్త్రీయ నామము వ్రాసిన పలక ఉండును. ఆ పేరు మనవంటి వలస తెలుగువారికి మరింత అవసరము. మనము మోదుగ అన్నదానిని షోలాపురములో పళస్ అందురు, తమిళనాట పురసు, కన్నడదేశమున ముత్తుగ. బ్యూటియా మోనోస్పెర్మా అన్నచో అన్ని చోట్లను ఒక్కటే చెట్టు. మరియొక గుర్తు: పేరు చివర ‘టింక్టోరియా’ అని యున్నచో అది రంగుకు సంబంధించిన మొక్క. నీలిమొక్క ఇండిగోఫెరా టింక్టోరియా. ఏటికొప్పాక బొమ్మలు చేయు అంకుడు రైటియా టింక్టోరియా. అంకుడు ఆకునుండియు పూర్వము నీలిమందు తీసెడివారు.

తమిళనాటి సభ్యులకు అనువైనది కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయపు తోట. పూర్వపు వ్యవసాయ కళాశాల 1971లో విశ్వవిద్యాలయమైనది. ఆ ఆవరణలోనే 1955లో ఏర్పడిన భారత వృక్ష పరిశోధన సంస్థవారి దక్షిణ ప్రాంత కేంద్రము గలదు. అందులోని మద్రాసు హెర్బేరియములో ఎండబెట్టి కాగితములకు అతికించిన మొక్కల నమూనాలు భద్రపరచియున్నవి. తోటలో పువ్వు, కాయ లేని కాలమున ఇట్టి నమూనాలు మిక్కిలి ఉపకరించును. ముందుగా అనుమతి కోరవలెను. ఇతర రాష్ట్రములవారు తమకు దగ్గరి విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర శాఖకు వ్రాసి విచారించుకొనవచ్చును.

ప్రయాణమునకు ముందు చేయవలసిన పనులు:

1. చూడదలచిన మొక్కల పట్టిక వ్రాయుడు. మొదటిసారికి ఎనిమిది చాలును: నీలి, చిరివేరు, తొగరు, మోదుగ, కరక్క, జాఫరా, దానిమ్మ, తగిరిస. నీలి తొట్టి పులియుటకు తగిరిస గింజలు వాడుదురు గదా!

2. ఆ పట్టికతో నెల రోజుల ముందుగా ఉత్తరము వ్రాయుడు. వీటిలో ఏవి ఉన్నవి, ఏ దినములందు అనుమతింతురు, వివరించుటకు ఒకరిని ఇవ్వగలరా అని అడుగుడు. జవాబు రానిదే బండి టిక్కెట్లు కొనవద్దు.

3. కాలము చూచుకొనుడు. కోయంబత్తూరునకు మాఘ, ఫాల్గుణములు మేలు. వానలు వెనుకబడి, ఎండ ముదరని కాలము. మోదుగ పూయు కాలమును అదియే.

4. పన్నెండుగురికి మించవద్దు. వారిలో ముగ్గురైనను అద్దకము చేయువారు, ఇద్దరైనను ఆ పనిలోని స్త్రీలు ఉండవలెను. అధ్యక్ష కార్యదర్శులు మాత్రమే పోయి ఫోటోలు దిగి వచ్చుట విహారయాత్ర యగును.

5. ప్రతివారును ఒక నోటుపుస్తకమును తీసికొనవలెను. పలక మీది పేరు, మన పేరు, రంగునిచ్చు భాగము, దొరకు కాలము అని నాలుగు గళ్ళు గీయుడు. రంగు వేసిన నూలు ముక్కలను వెంట తీసికొనిపోయి వివరించువారికి చూపుడు. మన ప్రశ్న వారికి చప్పున తెలియును.

తోటలో ఆకు త్రుంచరాదు, వేరు పెకలించరాదు. ఫోటో తీయునపుడు మొదట పలకను, తరువాత ఆకును, బెరడును తీయుడు. నీలిమొక్క నీలముగా లేదని నిరాశపడవద్దు. దాని ఆకు పచ్చనిదే. ఆకు నీటిలో నాని పులిసి, ఆ నీటికి గాలి తగిలిన పిమ్మటనే నీలము పుట్టును. చిరివేరు నేలనంటియుండు చిన్న మొక్క. దాని రంగంతయు సన్నని వేళ్ళలోనే యుండును. తెలియనివాడు దానిని గడ్డియని త్రొక్కిపోవును.

తిరిగి వచ్చిన వారములోపల సంఘ సమావేశమున పుస్తకములు చదివి, ఒకే పట్టికగా వ్రాసి సరుకు గదిలో అంటించుడు. ఇకమీద వర్తకునికి వ్రాయునపుడు శాస్త్రీయ నామమును, కావలసిన భాగమును తప్పక పేర్కొనుడు. స్థలమున్నచో సంఘ ఆవరణలో ఒక జాఫరా మొక్కను, ఒక మడి నీలిని పెంచుడు. పిల్లలు దినము చూచుచుండిన మొక్కను మరువరు.

మా సరుకు గదిలో ఆ నల్లమద్ది బెరడు సంచి ఒకటి నేటికిని ఉన్నది. క్రొత్తగా పనిలో చేరినవారికి దానిని చూపి, ‘ఇది ఏమి?’ అని అడుగుచున్నాము.