తన దుస్తులు తానే ఉతుక్కొనుట: దివ్యాంగ విద్యార్థులకు ఒక జీవన పాఠం

దివ్యాంగ విద్యార్థికి అక్షరాలు, అంకెలు నేర్పడంలో చూపే శ్రద్ధ, తొడుక్కున్న చొక్కాను శుభ్రపరచుకోవడం నేర్పడంలో చాలా ఇళ్లలో కనిపించదు. తల్లియో అక్కయో ఆ పని చేసిపెడతారు. ప్రేమతో చేసే ఈ సాయమే కాలక్రమంలో లోటుగా పరిణమిస్తుంది. తల్లిదండ్రులు వృద్ధులైన నాడు, లేదా ఆ బిడ్డ వసతిగృహంలోనో పనిశాలలోనో చేరిన నాడు, మాసిన బట్టల వలన పదిమందిలో పలుచన కావలసి వస్తుంది. కనుక బట్టలుతకడం కేవలం ఇంటిపని కాదు; గౌరవంగా బ్రతకడానికి అవసరమైన విద్య.

ఈ విద్యకు చట్టపరమైన ఆధారం కూడా ఉంది. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన దివ్యాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించింది. జీవన నైపుణ్యాలు నేర్చుకునే అవకాశం కల్పించాలని దాని 24వ అధికరణం చెబుతున్నది. ఆ ఒడంబడికను అమలుపరచడానికే మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. అది 21 రకాల వైకల్యాలను గుర్తించింది.

పనిని మెట్లుగా విడదీయుట

"చొక్కా ఉతుకు" అనే మాట పెద్దలకు ఒకే పని. నేర్చుకునే వారికి అది పది పనులు. మేధోవైకల్యం గల విద్యార్థులకు ప్రతి మెట్టునూ బొమ్మగా గీసి, కుళాయి దగ్గర గోడకు అతికించడం మేలు.

1. జేబులు వెతికి ఖాళీ చేయడం
2. తెల్లవి, రంగువి వేరుచేయడం
3. బకెట్టులో గీసిన గీత వరకు నీరు పట్టడం
4. ఒక చెంచా సబ్బుపొడి కలపడం
5. 20 నిమిషాలు నానబెట్టడం
6. కాలరు, చేతి అంచులు, చంకల భాగం రుద్దడం
7. మూడు బకెట్ల మంచినీటిలో జాడించడం
8. పిండడం
9. దులిపి, దండెంపై వేసి క్లిప్పు పెట్టడం
10. ఆరిన పిమ్మట మడిచి అరలో పెట్టడం

ఇందులో "బాగా", "కొంచెం", "చాలినంత" వంటి మాటలు లేవని గమనించాలి. అటువంటి మాటలు అనుభవం ఉన్నవారికే అర్థమవుతాయి. గీత, చెంచా, మూడు బకెట్లు అందరికీ అర్థమవుతాయి.

చివరి మెట్టు నుండి ఆరంభించుట

మొదట తొమ్మిది మెట్లు ఉపాధ్యాయులే చేసి, పదవ మెట్టును మాత్రం విద్యార్థికి విడిచిపెట్టాలి. అది పట్టుబడిన తరువాత తొమ్మిది, పది మెట్లను అప్పగించాలి. ఇలా వెనుకకు నడిచిరావాలి. ఈ పద్ధతిలో ప్రతి దినమూ పాఠం ముగిసేసరికి, పూర్తయిన పని విద్యార్థి చేతిలోనే ఉంటుంది. నడుమ విసిగి వదిలివేసే అవకాశం తగ్గుతుంది.

సాయాన్ని కూడా క్రమంగా ఉపసంహరించాలి. మొదట చేయి పట్టి చేయించాలి. తరువాత చేసి చూపాలి. ఆపైన సైగ, ఆపైన ఒక్క మాట, చివరకు మౌనం. విద్యార్థి తడబడినప్పుడు వెంటనే చేయి చాచక, మనసులో పది లెక్కపెట్టేంత సేపు ఆగాలి. చాలామంది ఆ వ్యవధిలోనే తమంతట తాము గుర్తు తెచ్చుకుంటారు.

వైకల్యాన్ని బట్టి మార్పులు

చూపులేని వారికి బట్టల లోపలి అంచున దారపు ముడులు వేయాలి. ఒక ముడి తెలుపు, రెండు ముడులు రంగు. కుట్టును తడిమి లోవైపు, పైవైపు తెలుసుకోవడం నేర్పాలి. ఒక చేయి మాత్రమే పనిచేసే వారు తడిబట్టను కుళాయికి చుట్టి, రెండు కొసలను కలిపి మెలిపెట్టి పిండవచ్చు. చక్రాల కుర్చీ వాడే వారికి దండెం భుజం ఎత్తులో ఉండాలి. బకెట్టును ముక్కాలిపీటపై ఉంచాలి. వినికిడి లోపం గల వారికి వాషింగ్ మెషిన్‌లో మోతకు బదులు దీపాన్ని గమనించడం అలవాటు చేయాలి. ఆటిజం గల కొందరు నురుగు స్పర్శను, సబ్బు వాసనను భరించలేరు. వారికి రబ్బరు చేతితొడుగులు, వాసన లేని సబ్బు ఉపకరిస్తాయి.

నీరు, మరకలు, జాగ్రత్తలు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో అనేక గృహాలకు బోరునీరు ఆధారం. నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికంగా ఉంటే సబ్బు సరిగా నురగదు. తెల్లటి తెట్టు కట్టి బట్టకు అంటుకుంటుంది. అటువంటి నీటిలో సబ్బు బిళ్ల కంటే డిటర్జెంట్ పొడి మేలు. బోరునీటితో ఒక గుడ్డ, వాననీటితో ఒక గుడ్డ ఉతికించి చూపితే, ఈ భేదం విద్యార్థులకు కంటితోనే బోధపడుతుంది.

రక్తపు మరకను చన్నీటితోనే కడగాలి; వేడినీరు తగిలితే మరక గట్టిపడుతుంది. ఋతు సమయంలో వాడే గుడ్డల విషయంలో బాలికలకు ఇది విడిగా, సంకోచం లేకుండా నేర్పాలి. ఆ గుడ్డలను చాటున దాచక, ఎండలో పూర్తిగా ఆరవేయాలి. బ్లీచింగ్ ద్రవాన్ని మరుగుదొడ్డి ఆమ్లంతో ఎన్నడూ కలపరాదు, విషవాయువు వెలువడుతుంది. తడిచేతితో స్విచ్చు తాకరాదు. ఇస్త్రీని మిగిలినవన్నీ వచ్చిన తరువాతనే నేర్పాలి.

ఇంటిలో కొనసాగింపు

పాఠశాలలో వచ్చిన పని ఇంట్లో ఆగిపోతే నేర్పినది నిలవదు. వారానికి రెండు దినాలు నిర్ణయించి, ఆ బిడ్డ చొక్కాను ఆ బిడ్డకే వదలాలి. మొదటి నెలలో కాలరు మురికి పూర్తిగా పోకపోవచ్చు. ఆ చొక్కాను చాటుగా మళ్లీ ఉతకడం మానాలి. తాను ఉతికిన చొక్కానే తొడుక్కొని బడికి వెళ్లినప్పుడు, ఏది మిగిలిందో విద్యార్థికే తెలుస్తుంది. మరునాడు చేయి అక్కడికే వెళుతుంది.

అభ్యాసం

1. మీ ఇంటి బిడ్డకు పై పది మెట్లలో ఎన్ని సాయం లేకుండా వచ్చునో గుర్తించండి.
2. మీరు ఇంకా చేసిపెడుతున్న మెట్టు ఏది? దానిని ఏ దినం నుండి విడిచిపెడతారో నిర్ణయించండి.
3. ఒక మెట్టును వరుసగా మూడు పర్యాయాలు మౌనంగా గమనించి, ఫలితాన్ని ఉపాధ్యాయులకు తెలపండి.